అచ్చు

చెంగల్రాయుడన్న ఇంటికి కంప్యూటర్ ఆటోలో వచ్చింది,
రెండు బెల్లం బస్తాల నడుమ కూర్చొని.
మా ఇన్‌స్టిట్యూట్ మూసేస్తా అమ్మేసిన
పదకొండింటిలో ఒకటి.
పన్నెండు వందలు.
స్పీకర్లు ఊరికే ఇచ్చినారు, ఒకటి పలకదు.

మండీలో కాటా దగ్గర
ఇరవై ఏడేళ్ళు నిలబడిన మనిషి
దాని ముందర కూర్చోడానికి మొహమాటపడి
"ముందు నువ్వు కూర్చో పాపా" అన్నాడు.

మూత విప్పితే లోపల
ఏ బ్యాచ్ పిల్లదో జడపిన్ను,
ఫ్యాను రెక్కల మీద బూజు.
ర్యామ్ ముక్కను పీకి, రబ్బరుతో రుద్ది
టప్పుమనేదాకా మళ్ళీ నొక్కినా.
"పుత్తూరులో ఎముక కూర్చినట్టుందే" అన్నాడు.

పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన సిస్టం
ఎక్కతా ఉంది, ఎక్కతానే ఉంది.
ముప్పై నాలుగు శాతం కాడ కరెంటు పోయింది.
గ్రీమ్స్‌పేటంతా చీకటి.
దేశమ్మక్క ఫోన్ లైటు పట్టుకొని వచ్చి
"సచ్చిపోయిందా?" అనింది.
"లేదక్కా. మళ్ళీ మొదట్నించీ."
పాకం మాడితే బాణలి కడగడమే గదా అని
తనలో తనే చెప్పుకుంటా లోపలికి పోయింది.

రెండోసారికి నిలబడింది.
నల్లటి తెర.
దాని మీద ఒక చిన్న తెల్ల గీత
కన్నార్పుతా.
"ఇది ఎవురి కోసరం చూస్తా ఉండాది?"
"నీ కోసరమే అన్నా."

అచ్చు వెయ్యమని చెప్పే మాట ఒకటి నేర్పించినా.
బ్రాకెట్టు తెరువు, కొటేషన్ పెట్టు,
లోపల నీకిష్టమైంది రాయి, రెండూ మూసెయ్యి.
మూసెయ్యకపోతే అది ఎదురుచూస్తానే ఉంటుంది.
కీల మీద నేనంటించిన తెలుగు చీటీల్లో
ఒంటివేలితో వెతుక్కుంటా, వెతుక్కుంటా
"చిత్తూరు బెల్లం" అని రాసినాడు.
పావుగంట.
ఎంటర్ నొక్కితే

వరసగా డబ్బాలు.
నలుపు మీద తెల్లగా, ఖాళీగా, అన్నీ ఒకే కొలత.

నల్ల తెరకు తెలుగు ఫాంటు చెప్పడం మర్చిపోయినా.
నేను సిగ్గుపడి సర్దుకొనే లోపల
ఆయన ముందుకు వంగి లెక్కపెట్టినాడు.
"అచ్చులే గదా పాపా ఇవి!
ఇప్పుడే చెక్కలోంచి దించి ఆరబెట్టినట్టు."

అచ్చంటే అక్షరమని నేను,
అచ్చంటే బెల్లమని ఆయన,
మధ్యలో దానికి ఏ అచ్చూ రాదు.

ఫాంటు వేసినాక డబ్బాలు కరిగి
ఒత్తులతో సహా అక్షరాలు నిలబడినాయి.
"ముందరివే బాగుండె" అన్నాడు.

వారం తర్వాత పోతే
కీబోర్డు నిండా చీమలు.
బెల్లం అంటిన వేళ్ళు మరి.
లోపలికి పోయిన "ల" బయటికి రాదు.
అయినా తరుగు లెక్క సొంతంగా రాసుంచినాడు:
మొత్తం బరువు, గోనె బరువు, తరుగు,
రైతుకు చేరాల్సింది.
ఏడుసార్లు ఎర్రగా తప్పు చూపించిందంట.
"తిట్టదు పాపా. ఏ వరసలో తప్పో చెప్పి ఊరకుంటుంది.
మా సావుకారు అట్ల చెప్పింటే..."
అని ఆపేసినాడు.

పాత కాటా చీటీ ముందర పెట్టుకొని
అంకెలు కొట్టినాడు.
తెర మీద ఒకటి, చీటీలో ఒకటి.
ముప్పావు కిలో తేడా.
ఇంకో చీటీ. అర కిలో.
ఇంకోటి. కిలో దాటింది.
తేడా ఎప్పుడూ ఒకే పక్కకు.
ఒక చీమ ఎనిమిది దిగి తొమ్మిది ఎక్కింది.

"తప్పు దీనిదా, నాదా?"
కోడ్ రెండుసార్లు చదివినా.
బ్రాకెట్లన్నీ మూసే ఉన్నాయి.
"లెక్క సరిగ్గానే ఉందన్నా."
చీటీల మీద చేతిరాత ఆయనదే,
సావుకారు చెప్పింది చెప్పినట్టు రాసిన
గుండ్రటి చేతిరాత.

దేశమ్మక్క టీ తెచ్చింది, బెల్లం టీ.
ఆయన తాగలేదు.
తువ్వాలు తడిపి పిండి
ఒక్కో కీ తుడుస్తా,
చీమల్ని చంపకుండా దులుపుతా, అన్నాడు:
"గోనెసంచిలో ఇంకా శానా చీటీలుండాయి.
ఒగొగటే కొట్టాల్నా,
అన్నీ వరసగా చేసే మాట ఏదన్నా ఉండాదా?"

ఉంది.
దాని పేరు చెప్పే ముందర
నా కుర్చీ దగ్గరికి లాక్కున్నా.