బుడగ రాదు

ముప్పై ఏళ్లుగా నాకు గ్యాసంటే చప్పుడే.
వించిపేట సందులో, మా రేకుల షెడ్డులో
సీసాని బోర్లించి తిప్పి తిప్పి
నీళ్ల గొంతులోకి దాన్ని కుక్కడం నా పని.
లోపలికెళ్లాక ఆ గ్యాసే గోలీని నెట్టి
తన మూత తనే బిగించుకుంటుంది.
ఎవరో బొటనవేలితో నొక్కినప్పుడు కీచుమనాలి.
అనకపోతే డబ్బులివ్వరు.

మా నగీనా బియ్యెస్సీ రెండో ఏడు.
కరెంటు పోయిన రాత్రి, ఛార్జింగ్ లైటు కింద
చేప మొప్ప బొమ్మ గీస్తూ అంది:
"అబ్బా, నువ్వు నీళ్లలోకి ఎక్కించే గ్యాసునే
చేప నీళ్లలోకి దించేస్తుంది."
నవ్వాను. మిషను లేకుండానా?

మర్నాడు సరుకు వేసి వస్తూ బ్యారేజీ మీద ఆగాను.
గేట్ల కింద ఒక శీలావతి, ఎదురు నీటికి
తోక కొడుతూ కొడుతూ ఉన్నచోటే ఉంది.
అంత ఆయాసానికి ఒక్క బుడగైనా రావాలి కదా.
చాలాసేపు చూశాను.
రాలేదు.

పిల్ల మళ్లీ చెప్పింది, నేను నా లెక్కలో పెట్టుకున్నాను.
తోక కండ మండితే గ్యాసు పుడుతుంది.
నెత్తుట్లో చాలావరకు అది గ్యాసులా పోదు,
వంటసోడాకి చుట్టమై, వేషం కట్టుకుని పోతుంది.
మొప్ప దగ్గర, దువ్వెన పళ్లకన్నా సన్నటి ఎర్ర రేకుల దగ్గర
వేషం విప్పేస్తుంది. రెప్పపాటు కూడా పట్టదట.
నెత్తురిటు, నీళ్లటు,
మా సందులో ఎదురుపడ్డ ఇద్దరు
ఒరిగి, భుజాలు రాసుకుని పోయినట్టు.
గట్టిగా ఈదేకొద్దీ గ్యాసెక్కువ,
గ్యాసెక్కువైతే నెత్తురు ఇంకొన్ని రేకుల్లోకి పారుతుంది.
నోరు తెరిచి ముందుకు పోతుంటే
ఏరే లోపలికొచ్చి కడిగి పోతుంది.
"నీళ్లలో కరిగేదానికి బుడగెందుకబ్బా?"

కొర్రమీనుది ఇంకో తరహా.
పైకొచ్చి మనలాగే గాలి మింగుతుంది,
విడిచేది మాత్రం ఎక్కువగా నీళ్లకే.
తీసుకునేది ఒకరి దగ్గర, దించుకునేది ఇంకొకరి దగ్గర.
అలాంటి మనుషులు నాకు తెలుసు.

ఏప్రిల్లో కాలవలు కట్టేశారు.
రైవస్ కాలవ అడుగున మిగిలిన గుంటల్లో
తెల్లారుజామున చేపలు మూతులు పైకెట్టి ఉన్నాయి.
పిల్లలు గంపలు దించి ఏరుకుంటున్నారు.
గాలి చాలకనే అనుకున్నానిన్నాళ్లూ.
అదీ ఉంది.
కానీ గుంటంతా అందరూ వదిలిన ఊపిరే అయితే
ఇంకా వదలడానికి చోటేది?

తమ్ముడు బాజీతో మాటల్లేక నాలుగేళ్లు.
మిషను పంపకం నాడు అనాల్సింది ఒకటి అనలేదు,
అనకూడనిది ఒకటి అన్నాను.
వాడిప్పుడు ఏటి అవతల, ఉండవల్లి సెంటర్లో ఐసు అమ్ముతాడు.
పండక్కి వాడి పేరెత్తితే నాకే గొంతులో గోలీ బిగుస్తుంది,
ఎవరూ నొక్కలేదు కాబట్టి చప్పుడు లేదు.

జూన్లో లాకులెత్తారు.
మొదటి నీళ్లు చెత్తని ముందేసుకుని, ఎర్రగా వచ్చాయి.
గుంటలన్నీ ఒకదాన్నొకటి కలుపుకున్నాయి.
నిన్నటిదాకా నోళ్లు తెరుచుకున్నవి
ఎటు పోయాయో కనబడలేదు.

బ్యారేజీ మీద గాలి ఎదురు కొడుతోంది.
సీతానగరం వైపు తొక్కుతున్నాను, నోరు తెరిచి.
వెనక సీసాలు ఒకదానికొకటి తగులుతున్నాయి.
ఏం మాట్లాడాలో ఇంకా తెలీదు.