మూడేండ్ల నాలుగు నెల్లు బాకీ

కలెక్టరాఫీసు మూడో కిటికీ కాడ
గుమాస్తా చదివినాడు:
"మిగిలిన మూడేండ్ల నాలుగు నెల్లూ
స్వదేశంలో అనుభవించేదానికి ముద్దాయికి సమ్మతమే.
ఇంతకీ నువ్వెవరు?"
దేశమ్మ సార్, అన్నా.
ఆయన నవ్వలా. రాసుకున్నాడు.

అరబ్బీ తీర్పు ఇంగిలీషులోకి దిగి
ఇంగిలీషు తెలుగులోకి దిగేసరికి
రెండు మామిడి కాపులు పొయినాయి.
పల్పు ఫ్యాక్టరీలో తొక్కలు తీసి తీసి
నా వేలిముద్ర అరిగిపొయింది.
నేను నేను కాదని మూడుసార్లు చెప్పింది మిషను.
నిమ్మచెక్కతో రుద్దుకోనొస్తే
నాలుగోసారి ఒప్పుకునింది.

నిన్న చిత్తూరు జైలు కాడికి పోతి.
సముద్రం దాటొచ్చిన మనిషి
జల్లెడంత జాలీ దాటలేడు.
ఎప్పుడూ పేరు పెట్టి పిలిచిందాన్ని కాదు,
చెంగల్రాయుడూ, అని పిలిచినా.
ఎవరో ముసిలాయన తలెత్తినాడు.

లావైనానని గదా ఫోన్లో చెప్తా ఉండె.
ముందరి పండ్లు నాలుగు లేవు.
నేనూ ఆవు ఈనిందని చెప్పుంటి,
అమ్మి మూడేండ్లాయ.
ఇద్దరి అబద్ధాలూ జాలీకి ఆపక్కా ఈపక్కా నిలబడి
కాసేపు చూసుకున్నాయి.

ఆవునడగలా ఆయన.
"పొద్దున వార్డరు తిట్టినాడే," అన్నాడు,
"తట్ట కడగవేరా ఎదవా, అని.
మన తిట్టు!
ఐదేండ్లకి చెవి తెరుచుకునింది.
ఏడిస్తే, కొత్తోడు బయపడినాడనుకున్నారు.
రాత్రి గాలి తిరిగితే మాగిన తోతాపురి వాసనొస్తాది,
మీ ఫ్యాక్టరీదేనా?"
మాదే, అన్నా.
మాది ఊరికి ఆ తట్టు, మూడు మైళ్ళు.

ఇంక రెండు నిమిషాలే ఉండాయనగా
ఆ మాటెత్తినాడు.
తాగి తోలిన లారీ, దాని కింద నేపాలీ పిల్లోడు.
"వాడి పెండ్లాం పేరు తీర్పులో ఉండాదంట.
తెలుగులో ఎట్ల రాసినారు?"

సంచిలో కాయితాలు ఎతికినా.
పద్నాలుగో పేజీ, కింద నుంచి రెండో వరస.
ఒత్తు మీద ఒత్తు, మజ్జెలో సిరా చెదిరింది.
కూడబలుక్కునే లోపల గంట కొట్టినారు.

బెల్లం లోపలికి పోదన్నాడు గేటు పోలీసు.
ఒళ్ళో పెట్టుకోని బస్సెక్కినా.
బంగారుపాళెం దాకా
ఆ పేరే నోట్లో తిప్పుకుంటా వచ్చినా,
పక్కనామె మంత్రమేమో అనుకునింది.
ఇంకా నోరు తిరగలా.
బేస్తవారానికి నేర్చుకోవాల.