నూట పదకొండో సీసా

గుంటూరులో మా కాలేజీ జువాలజీ మ్యూజియం.
కిటికీ పక్క బీరువా, మూడో అర.
కప్పకీ బల్లికీ మధ్య ఎటూ తేలని ప్రాణి ఒకటి
పందొమ్మిదేళ్లుగా నా ఎదురుగా ఈదుతోంది, కదలకుండా.

చీటీ సగం పురుగు తినేసింది.
మిగిలింది సాలమాండర్ అన్న మాట, కింద వానల అడవి అని.
ఏ దేశపు వానలో, ఎవరు తెచ్చారో,
ఈ ఎండల ఊరికి ఎందుకొచ్చిందో
ఆ పురుగుకే తెలియాలి.
తెలుగులో దీన్నేమంటారు సార్ అనడిగితే
"ఏమీ అనరు" అన్నారు బసవపున్నయ్య మాస్టారు.
"మన వైపు లేనిదానికి పేరెందుకయ్యా ఏసోబూ?"

నా పని చిన్నది.
ఎండాకాలం మందు ఇంకిపోతుంది. వీపు బయటపడకముందే
మూత తీసి, ఊపిరి బిగబట్టి, ఫార్మలిన్ పోస్తాను.
ఓ రోజు మాస్టారు పిల్లలకి చెబుతుంటే విన్నా:
దీనికి ఊపిరితిత్తులు లేవట.
చర్మంతోనే గాలి పీలుస్తుందట. తడి ఆరితే చస్తుందట.

ఆ రాత్రి మా అక్కకి చెప్పాను.
మిర్చి యార్డు అవతల కోల్డ్ స్టోరేజీలో
తొడిమలు తీస్తుంది సువార్త.
మూతికి కొంగు ఎంత బిగించినా
ఇంటికొచ్చాక ముద్దకీ ముద్దకీ మధ్య దగ్గే.
"ఊపిరితిత్తుల్లేవా! అయితే దగ్గూ లేదు.
పెట్టి పుట్టిందిరా" అంది.

ఇంకో ముద్ద కలుపుతూ చెయ్యి ఆపింది.
"ఒరే, చర్మంతో పీలిస్తే
ఒళ్లంతా ముక్కేగా?
తేజా టిక్కీ ఒక్కటి విప్పితే చాలు,
కాలివేళ్ల సందుల్లోంచి కూడా తుమ్మాలి, పాపం."
నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.
నీళ్లు ముంచి ఇచ్చాను.

పడుకునే ముందు, మంట తగ్గడానికి,
మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకు కూర్చుంటుంది.
కరెంటు పోయింది. సెల్లు వెలుగులో చూశాను.
పాలిపోయి, ముడతలు పడి,
ఒకదాన్నొకటి ఆనుకుని తేలుతున్న వేళ్లు.
రోజూ చూసే చేతులే.
సీసాలో దానికి ముందుచేతికి నాలుగే వేళ్లు,
అంతే తేడా.

"ఏంట్రా అట్టా చూస్తావు?"
"ఏం లేదులే. ఇంకాసేపు ఉంచు. తడి ఆరనీకు."

పొద్దున్నే, మాస్టారు రాకముందు,
పురుగు వదిలేసిన చీటీ వెనక పెన్సిల్‌తో రాశాను:
తెలుగు పేరు, ఒళ్లుముక్కు.
పెట్టినవారు, సువార్త,
తొడిమల కూలీ, గుంటూరు.