నా బీటు

వరంగల్ల సారవ్వకు కుడికన్ను ఆపరేషనైంది.
ఎడమది ఎప్పుడో మసక.
పొద్దుగాల పట్టీ ఇప్పి నల్లద్దాలు పెట్టిన్రు.
కాజీపేటల పాసింజరెక్కినంక
కిటికీ పక్కన నన్ను కూసోబెట్టింది.
"గాలి తగలొద్దన్నరు, నేను కండ్లు మూసుకుంట.
నువ్వు జూసి చెప్పు."

ఏం చెప్పాలె?
జమ్మికుంటల పత్తి లారీలు నిలబడ్డయన్న.
పెద్దపల్లిల చాయ్ నీళ్లోలె ఉన్నదన్న,
అది ఆమె కూడా తాగుతనే ఉన్నది.
రామగుండం పొగగొట్టాలు ఎనకబడ్డయి.
గోదారి బ్రిడ్జి ఎక్కంగనే
బండి గొంతు మారింది.
ముడి ఇప్పి రూపాయిబిళ్ల నా చేతిల పెట్టింది. ఇసిరిన.
"నీళ్లల్ల పడ్డదా?"
"పడ్డది."
గడ్డర్‌కు తాకి టంగుమన్నది ఇద్దరికీ ఇనబడ్డది.
ఏమనలే.

మంచిర్యాల. మందమర్రి.
బెల్లంపల్లిల బొగ్గు వ్యాగన్లకు తొవ్వ ఇచ్చుకుంట
అర్ధగంట.
రేచిని దాటినంక
ముందుగాల నా అరికాళ్లకు తెలిసింది
ఇది నా బీటని.

ముప్పై ఒక్క ఏండ్లు
పోంగ ఎడమ పట్టా, రాంగ కుడి పట్టా.
భుజాన పానా, చేతుల సుత్తె, సంకల ఎర్రజెండా.
ఊడిన కీ ఒక్కటి కనబడితే
ఆ దినం కూలి గిట్టినట్టు.
ఎండాకాలం పట్టా సాగుతది, చలికాలం ముడుసుకుంటది,
నడిమిట్ల నేను.

"చెప్పు" అన్నది సారవ్వ.
చెప్పిన.
ఈ మల్కల లోపటి పట్టా తొందరగ అరుగుతదని.
వానలు పడితే మోరికాడ కంకర కుంగుతదని.
ఇగో ఇక్కడ్నే, పుష్యమాసంల, చీకటుండంగ
నా చిటికెనేలు పట్టేంత పగులు దొరికిందని.
జెండా ఊపుకుంట ఉరికిన. బండి ఆగింది.
జనమంత దర్వాజల కాడికొచ్చి
"అబ్బ, ఏం గుట్టలురా!" అనుకుంట
నా నెత్తి మీదికెళ్లి చూసిన్రు.
నేను తిరిగి చూడలే.
ఫిష్‌ప్లేటు పట్టుకొని కూసున్న.

సారవ్వ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.
"నేనడిగింది ఇనుము ముచ్చటనా?
గుట్ట ఎట్లున్నదో చెప్పు."

తలెత్తిన.
పేరు తెల్వని సుట్టాలోలె
నిలబడి ఉన్నయి అన్ని.
గుట్టకు ఏం మాట పెడుతరు?
ఎత్తుగున్నదన్న. చెట్లున్నయన్న.

"ఎడమదిక్కు, మీద ఒంటిబండ,
పడుతదా పడదా అన్నట్టు?"
ఉన్నది.
"దాని ఎంబడి బర్రె పండుకున్నట్టు ఒకటి,
బర్రె ఎనక దుడ్డె?"
ఉన్నది, దుడ్డె సుత ఉన్నది.
"ఆ సందుల నుంచి దూరంగ ఇంకోటి కనబడాలె. నీలంగ.
పొద్దుకో తీరుంటది అది, ఒక్కోనాడు ఉండనే ఉండది."
ఇయ్యాల ఉన్నది.

"నీకెట్ల ఎరుక?"
"సద్దిగిన్నె పట్టుకొని మోరి మీద కూసున్నన్ని దినాలు
ఏం జూసిననుకున్నవ్, నీ మొఖమా?
నువ్వు బువ్వ తినుకుంట సుత
పట్టానే చూస్తివి."

కాముని పున్నమ దగ్గరికొచ్చింది.
మోడుగు పూసిందా అనడిగింది.
వాలు పొడుగూత పూసింది.
అంత ఎరుపు ఒక్కసారి జూసి
నా కాళ్లు బ్రేకు కోసం ఎతికినయి.

కిలోమీటరు రాయి కాడ కొత్త కీమన్,
మీసాలు సరిగ రాని పిల్లగాడు,
పక్కకు జరిగి నిలబడ్డడు.
పోతున్న చక్రాలు చూస్తున్నడు వంగి.
ఓ తమ్మీ, పైకి చూడు అని ఒర్లిన.
గాలికి నాకే ఇనబడలే.

"ఎవలు?"
"మనోడే."

వాచీ చూసుకున్న. ఎక్కి దిగి
రోజంత నడిచిన బీటు
ఐదు నిమిషాలల్ల ఒడిసిపోవట్టె.

సారవ్వ అద్దాలు తీసి మొఖం పైకెత్తింది,
చుక్కల మందు టైమైంది.
సీసా మూత తీసిన. చెయ్యి ఊగుతున్నది, బండి ఊగుతున్నది.
జర ఆగు సారవ్వా,
ఈ మల్క దాటనీ.
అవుతల పట్టా సాపుగుంటది.