పద్నాలుగు శాతం

ఊమియో దాటాక దారి తిన్నబడుతుంది.
కుడివైపు ఏప్రిల్ సముద్రం, ఇంకా సగం గడ్డకట్టే ఉంది.
ఎడమవైపు స్ప్రూస్ చెట్లు, స్ప్రూస్ చెట్లు,
ఒక పెట్రోలు బంకు, మళ్ళీ అవే.

నా ఒళ్ళో లాప్‌టాప్.
దాని వైరు హీటర్ కిందుగా పాకి
ఇంజిన్ కంప్యూటర్‌లో దూరింది.
స్టీరింగ్ దగ్గర రూరిక్.
కారు ముప్పై అయిదేళ్ళ వోల్వో,
టర్బో మాత్రం మొన్న చలికాలం అతను బిగించింది.

"ఎంతలో పోను?"
"తొంభై. అక్కడే ఉంచు.
నీకొక పాదం ఉందన్న సంగతి మర్చిపో."

టర్బో అనగానే అందరూ చెప్పేది
ఆ ఈల, వీపును సీటుకేసి అదిమే ఆ తోపు,
ఆ మూడు సెకన్లు.
అప్పుడు పెట్రోలుకి వెనకాడకూడదు,
పాలు పెట్రోలుకి పదకొండున్నర పాళ్ళే గాలి,
పిసినారితనం చూపిస్తే పిస్టన్ కరుగుతుంది.
ఆ పని నిన్ననే అయింది, పాత రన్‌వే మీద,
ఇద్దరం అరుచుకుంటూ నవ్వుకుంటూ.

ఇవాళ్టిది తక్కినదంతా:
మిల్లుకి పోవడం, పాలు కొనడం,
ఇంటికి రావడం.

ఇలా పోతున్నప్పుడు టర్బో నిద్రపోతుంది.
ఇంజిన్ స్ట్రాతో పీల్చినట్టు గాలి పీలుస్తుంది.
అడ్డంగా రెండువేల నాలుగొందలు,
నిలువుగా నలభై కిలోపాస్కల్స్,
అవి కలిసే గడిలో కర్సర్ కుదురుగా కూర్చుంది.
పద్నాలుగు పాయింట్ ఏడు. పుస్తకాల లెక్క.

ఒక పిసరు పెట్రోలు తీశాను. పదిహేను.
ఇంకో పిసరు. పదిహేనున్నర.
ఇంజిన్ ఏమీ అనలేదు.
పలచటి మిశ్రమం మెల్లగా అంటుకుంటుంది,
అందుకని నిప్పురవ్వను రెండు డిగ్రీలు ముందే పంపాను.
పదహారు.
పదహారున్నర దగ్గర కారు తడబడింది,
ఇంకో మెట్టు ఉందనుకుని
చీకట్లో అడుగేసిన మనిషిలా.

"అది నేను కాదు."
"తెలుసు. నేనే."
వెనక్కొచ్చాను, పదిహేను పాయింట్ ఎనిమిదికి.

తర్వాత అతను మాట్లాడటం మొదలెట్టాడు.
మిల్లులో రెండో యంత్రం ఆపేస్తారట.
థ్రాటిల్ పద్నాలుగు శాతం.
కుక్కకి చూపు ఆనడం లేదట.
పద్నాలుగు.
లొవోంగర్ చర్చి శిఖరం కనిపించి పోయింది.
"మాలిన్ ఉత్తరం రాసింది," అన్నాడు,
చూపు రోడ్డు మీదే.
గొంతులో ఏమీ లేదు.

తెర మీది ఆకుపచ్చ గీత పంతొమ్మిదికి లేచి
పదకొండుకి కూలి
పాకుతూ పద్నాలుగుకి చేరింది.
వెనకే మిశ్రమం కూడా: పదిహేడు, పదమూడు,
చిక్కనా పలచనా తేల్చుకోలేక.
దారి చదునే. ఎదురుగాలి లేదు.

"ఏం రాసింది?"
"పడవ నన్నే ఉంచుకోమంది."

ముప్పై.
ఒక్క సెకను టర్బోకి మెలకువ వచ్చింది,
సన్నగా ఈల వేసి మళ్ళీ పడుకుంది.

మాలిన్ మా అక్క.
నిరుడు దాకా ఇతను నాకు బావ,
ఇప్పుడు కాగితాల ప్రకారం ఏమీ కాడు.
ఆ కవరు మీద స్టాంపు అంటించింది నేనే.
ఆ మాట చెప్పడానికి
తొంభై కిలోమీటర్ల వేగం సరైనది కాదనిపించింది.

బూరియోలో ఆగి కాఫీ తాగాం.
అతను అద్దం మీది ఉప్పు తుడుస్తుంటే
నేను లాగ్ తెరిచాను.
కుదురులేని నమూనాలు వదిలెయ్యనా, అని అడిగింది సాఫ్ట్‌వేర్.
అవును, నొక్కాను.
ఆ పదకొండు సెకన్లు పట్టికలోంచి పోయాయి.
అసలు ఫైలు మాత్రం తుడవలేదు,
తేదీ పేరుతో అలాగే ఉంది.

తిరుగుదారిలో అడిగాడు, "ఎంత మిగిలింది?"
"వంద కిలోమీటర్లకి అర లీటరు, కొంచెం అటూ ఇటూ."
"పడవ ఇంజిన్ కూడా చూస్తావా, ఇల్వా?
ఈ వేసవికి?"

గీత కదలబోయింది.
జవాబు చెప్పేముందు తెర మూసేశాను.