లాభం, రెండు, మూడు

శాలిహుండం కొండ మీద
పాత ఇటుకల గుండ్రానికి వీపు ఆనించి కూచున్నాం,
నేనూ దాలినాయుడు తాతా.
కింద వంశధార ఉందని
చల్లదనం చెబుతోంది,
మంచు మాత్రం ఒప్పుకోవటం లేదు.

నా దగ్గర అడిగి తెచ్చుకున్న బైనాక్యులర్,
అటవీ ఆఫీసు వాళ్ళిచ్చిన ఫారం,
ఎనిమిది గళ్ళు, చివరి గడి పేరు వ్యాఖ్యలు.
ఆయన దగ్గర
ఎడమ జేబు నిండా చింతపిక్కలు.
పది పిట్టలకో పిక్క కుడి జేబులోకి మారుతుంది.
నలభై ఏళ్ళు ఊరి కళ్ళాల్లో ధాన్యం కొలిచిన చెయ్యి,
చూపు ఆకాశంలో ఉన్నా
జేబు దారి తప్పదు.

ఆరుంబావుకి మొదటి వరస.
నదికి అవతల ఎవరో బొగ్గుతో గీసి, చెరిపి,
మళ్ళీ గీసినట్టు
గూడబాతులు.

"లాభం" అన్నాడు తాత.
ఒకటి అనడు. కళ్ళంలో ఎవరంటారు?
లాభం, రెండు, మూడు, నాలుగు...
కుంచానికి కుంచం తలగొట్టి పోసినట్టు
ఆ గొంతులోంచి దక్షిణానికి వెళ్ళిపోయాయి.
నేను గుంపుని ఇరవైలుగా కోసి లెక్కపెడతాను,
నాకలాగే నేర్పారు.
ఇద్దరికీ ఏడు తేడా వచ్చింది.
"నువ్ రెక్కలు లెక్కెట్టీసినావు గావాల!"

ఎండ ఇటుకల్ని తాకేక
నత్తగుల్ల కొంగలు.
సరిగ్గా మా నెత్తి మీదే సుళ్ళు తిరిగాయి,
ఎక్కేవి ఏవో దిగేవి ఏవో.
కొన్ని వెనక్కి నది మీదికి పోయాయి.
తియ్యాలా, ఉంచాలా?
తాత కుడి జేబులోంచి ఓ పిక్క తీసి
నా మొహం కేసి చూసి
మళ్ళీ అందులోనే వేశాడు.

జొన్నరొట్టె తింటూ చెప్పాడు
తుఫాను ఏడాది సంగతి.
తోటలో కొబ్బరిచెట్టు ఒక్కటీ నిలబడనప్పుడు
ఇంటి దగ్గర చూడ్డానికేం లేక
ఇక్కడికే ఎక్కొచ్చాడట.
పొద్దు వాలేదాకా కూచున్నాడు.
పిక్కలన్నీ ఎడమ జేబులోనే ఉండిపోయాయి.
"ఆ పూట నోటంట
లాభం అన్న మాట రానేదు గుంటా."
రొట్టె ముక్క
చేతిలో చాలాసేపు అలాగే ఉంది.

పదిన్నరకి ఫారం నింపాను.
గూడబాతులు రెండు వందల పధ్నాలుగు,
నత్తగుల్లలు ఆరువందల పది, కొంచెం అటూ ఇటూ.
పసిరిక పిట్టలు గాలి విసిరేసిన గింజల్లా పోయాయి,
వాటి గడిలో గీత పెట్టాను.

మెట్లు దిగబోతుంటే
కళింగపట్నం వైపు, సముద్రం అంచున
సన్నటి వరస ఇంకొకటి.
బైనాక్యులర్ ఎత్తాను.
తాత అరచెయ్యి అడ్డం పెట్టాడు.
ఆ చేతి మీద పిక్కల పొట్టు, ఎర్రగా.

"ఆటిని ఒగ్గీ.
కళ్ళం ఎత్తీసినాక అడుగు గింజలు
పిట్టలకి ఒగ్గీసీవోళ్ళం.
ఈ పిట్టల్లోన కొన్ని ఆకాశానికి ఒగ్గీమీ."

సరే తాతా అన్నాను,
ఫారం మడిచి సంచిలో పెట్టాను.

అబద్ధం చెప్పలేను,
నా పెదాలు అప్పటికే
లాభం అనేశాయి.