తెల్ల గీత

మిన్యా నుంచి కోడలిగా వచ్చి ఇరవై రోజులు.
ముకత్తమ్ కొండ పాదాన, మేడకి కింది గది,
గదినిండా నిన్నటి కైరో.
నాకు చదువొచ్చు. ఆ గర్వంతోనే కూర్చున్నాను.
సీసా అడుగున మూడు బాణాల నడుమ అంకె ఉంటుంది,
ఒకటో రెండో అయిదో చూడటం, విసరడం,
ఇంతే కదా అనుకున్నాను.

మా అత్త దెమ్యానాకి అంకెలు రావు.
ఆవిడ వింటుంది.
పెరుగు డబ్బాని నొక్కితే
పుటుక్కున విరిగిందా, వెనక్కి.
షాంపూ సీసా మూగది, మైనంలా మొద్దు,
దాన్ని ఒళ్ళోకి.
సంచినైతే చెవి దగ్గర నలుపుతుంది:
గరగరలాడేది ఒక కుప్ప,
గుసగుసలాడేది ఇంకో కుప్ప.
"రెండూ ఒక తల్లి బిడ్డలే," అంటుంది,
"ఒకడు బిర్రుగా పెరిగాడు, ఒకడు వదులుగా."

అనుమానం వస్తే నీళ్ళ తొట్టి.
మూత తేలింది, సీసా మునిగింది.
పొద్దుటి దాకా ఒకే గొంతుకి బిగిసి ఉన్నవి
వేరు వేరు పుట్టుకలని
ఆ తొట్టి దగ్గరే తెలిసింది.

ఇంకా అనుమానమైతే నిప్పు.
గోరంత ముక్క, మూరెడు పటకారు.
ఆరిన కొవ్వొత్తి వాసన వస్తే మంచిది.
మసి దారాలు దారాలుగా లేస్తే పెరుగు డబ్బా చుట్టం.
ముక్కులో సూది దిగినట్టయితే
ఊపిరి బిగబట్టు, పటకారుతో సహా నీళ్ళలో పడెయ్.
"అది అబద్ధాలకోరు."
దాని పేరు ఎన్నడూ పలకదు.

నేను గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాను:
ఒకటి పెట్. మూడు పీవీసీ.
ఏడుకి ఎదురుగా 'ఇతరాలు'.
ఏడంటే ఎవరు అని అడిగితే
గుమ్మం అవతల చిప్స్ పొట్లాల గుట్ట చూపించింది.
రేకూ ప్లాస్టిక్కూ ఒకదాన్నొకటి వదలని పొరలు.
ఎవరూ కొనరు.
గాలి వీస్తే వాటంతటవే వీధి దాటతాయి.

పదకొండో రోజు వనీస్ నా బస్తా తిప్పి పంపాడు.
మర ఆడించే మనిషి, నవ్వుమొహం. ఆవేళ నవ్వలేదు.
తొంభై కిలోల తేట సీసాల్లో
నాలుగైనా అబద్ధాలకోర్లు ఉన్నాయట.
నా ముందు బస్తాతో అప్పటికే ఒక పాకం గోధుమరంగు మచ్చలయ్యింది,
అతని మూడు రోజుల కూలి.
అంకె అరిగిపోయిన సీసాలు.
అవీ మునుగుతాయి. వెలుగుకి పెడితే అవీ అంతే తేట.

నేను ఏడ్చాను.
అత్త తిట్టలేదు, బస్తా బోర్లించింది.
"మడిచి చూడు."
మడిచాను, ఏమీ లేదు. మరొకటి, ఏమీ లేదు.
పైన పిల్లలు పడుకున్నారు, పందులు సద్దుమణిగాయి,
రాత్రి ఒంటిగంటకి ఒక సీసా నడుము మీద
పాలచారలాంటి గీత.
"అదీ. మడత పెడితే తెల్లబోయేది అదే."
తెల్లారేసరికి మూడు దొరికాయి.
నాలుగోది ఇప్పటికీ దొరకలేదు.

నిన్న, ఇళ్ళ చెత్తలో కలిపి
ఎవరో ఆసుపత్రి చెత్త పంపారు.
చుట్టలు చుట్టలుగా సన్నటి గొట్టం.
మడిచాను. తెల్లబోలేదు.
తేట కుప్ప వైపు విసరబోతుంటే
అత్త మణికట్టు పట్టుకుంది.
"అదీ అబద్ధాలకోరే. మెత్తబడటానికి దానికి నూనె తాగిస్తారు."
నీకెలా తెలుసు అన్నాను.

వారానికి మూడుసార్లు, రెండేళ్ళు,
మామ రక్తం అందులోంచే బయటికెళ్ళి
కడుక్కుని ఇంటికొచ్చేదట.
పక్కన బల్ల మీద కూర్చుని
ఆవిడ ఆ ఎరుపుని చూసేదట, వేళ్ళతో తడిమేదట,
వెచ్చగా ఉండేదట.

ఆ మాట చెప్పి గొట్టాన్ని
నూలు చుట్టినట్టు చేతికి చుట్టుకుంటోంది.
కాంటా దగ్గర వనీస్ కేకేస్తున్నాడు.

ఇంతకీ ఏ కుప్పలో వెయ్యను, అడిగాను.

"తొడుగుల్లేకుండా ముట్టావు," అంది,
"ముందు పోయి చేతులు కడుక్కో."